నీటిలో హైమావతి

మాఘ బహుళ దశమి

పొద్దున్నే చీపురు పట్టుకుని లైట్‌హౌస్ మెట్ల మీంచి పీతల్ని తోలాను. పోటుకి కింది గది మునుగుతుంది, పాటుకి నీళ్ళు పోతాయి, పీతలు మాత్రం పోవు. ఈ కళింగపట్నం లైట్‌హౌస్ తమ కోసమే కట్టారని వాటి నమ్మకం. ఒకప్పుడు దీని చుట్టూ ఊరు ఉండేదట. ఇప్పుడు చుట్టూ సముద్రం, పైన నేనూ పోలమ్మప్పా.

సోలార్ పలకల మీద పిట్టల రెట్ట కడిగాను. నీటి మైకుని తాడుతో పైకి లాగి, పట్టిన గుల్లలు గీకి, మళ్ళీ దింపాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మంగతాయి ఇవాళ కూడా నోరు విప్పలేదు.

మంగతాయి నీలి తిమింగలం. బంగాళాఖాతంలో ఇప్పుడు మిగిలినవాటిని పేరు పెట్టి పిలుచుకోవచ్చు, అంత తక్కువ. పౌర్ణమి నాడు మా కళ్ళ ముందే పిల్లని కన్నది. అప్పటి నుంచి మౌనం. బాలింత తిమింగలాలు అంతే, వేటాడే జంతువులకి పిల్ల జాడ తెలియకూడదని గొంతు మూసుకుంటాయి. పైన బాల్కనీలోంచి దుర్బిణీ పెట్టి చూస్తే పెద్ద ఊపిరి పక్కనే చిన్న ఊపిరి లేస్తోంది. ఆ చిన్న దాన్ని చూసినప్పుడల్లా కడుపు నిండినట్టు ఉంటుంది.

విశాఖలో ఓడ దారులు చూసే కేంద్రానికి పంపే నివేదికలో మాత్రం ‘అంతా మామూలే’ అని రాశాను. పిల్ల సంగతి బారసాల దాకా ఎక్కడా రాయకూడదని మా లైట్‌హౌస్ ఆచారం. ఆచారం పెట్టింది పోలమ్మప్ప. మా పడవ నడిపేది ఆవిడే. సూరాడ వారి ఆడపడుచు, అరవై దాటింది, నోరు తప్ప అన్నీ మెత్తబడ్డాయి. మూడేళ్ళ కిందట పుట్టిన పిల్లని పుట్టిన రోజే కేంద్రానికి రాశాం, వారం తిరక్కుండా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మరుసటి ఏడు మరో పిల్లకీ అదే గతి. “ఇరవయ్యొకటో దినం పేరెట్టీదాకా కాయితం మీద పెట్టొద్దు హైమమ్మా, దిష్టి తగులుద్ది” అంది. నేను సముద్ర జీవుల మీద డాక్టరేట్ చేసినదాన్ని. నవ్వాలి. మొదటి పిల్ల పోయినప్పుడు ఈ మాటే అంటే నవ్వాను కూడా. ఆ రెండో పిల్ల ఒంటి మీద ఇసుక నా చేత్తో కడిగాక మళ్ళీ నవ్వలేదు. కాబట్టి పిల్ల సంగతులన్నీ ఈ సొంత పుస్తకంలోనే.

సాయంత్రం ఉప్పుచేప వేయించడం మీద ఇద్దరికీ తగువైంది. వెంటనే మెడలో బిళ్ళ కిచకిచమంది. ‘హైమావతి గారూ, మీ గుండె వేగంగా కొట్టుకుంటోంది, కాసేపు కూర్చోండి.’ ఈ బిళ్ళ లేనిదే రేషన్ రాదు, జీతం పడదు, ఊరి గేటు తెరుచుకోదు, పడవ కూడా కదలదు. అన్నింటికీ ఓర్చుకోవచ్చు గాని నా తగువులో తలదూర్చితే ఒళ్ళు మండుతుంది.

ఏకాదశి

ఓడ దారుల కొత్త పటం వచ్చింది.

రెండు నెలలకోసారి వస్తుంది. ఎక్కడెక్కడ తిమింగలాల గొంతు వినిపించిందో చూసుకుని, ఆ చోట్లు తప్పించి యంత్రమే గీతలు గీస్తుంది. మనుషులు లేని ఓడలు ఆ గీతల మీద బస్సుల్లా తిరుగుతాయి. ఈసారి ఎర్రగీత తిన్నగా మా ముందు నుంచి, మంగతాయి పిల్లకి పాలిస్తున్న నీళ్ళలోంచి పోతోంది. పక్కన చిన్న అక్షరాల్లో ఒక మాట: ‘మంగతాయి — గొంతు లేదు — వెళ్ళిపోయింది.’

ఎక్కడికీ వెళ్ళలేదు. బాల్కనీ లోంచి కనిపిస్తోంది.

విశాఖ కొండ మీదున్న దారి కేంద్రానికి రేడియో చేశాను. డ్యూటీలో రవూఫ్ ఉన్నాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు కాని నాలుగేళ్ళుగా రోజూ వినే గొంతు, నిదానంగా మాట్లాడతాడు.

“పిల్ల పుట్టిందని పది రోజుల్లో కబురు పెడితే ఆ నీళ్ళన్నీ మూసేసేది మేడమ్. మీరు పెట్టలేదు.”

“పెట్టలేదు.”

“మీకు తెలియని రూలు కాదు కదా.”

తెలుసు. పౌర్ణమి నుంచి రోజూ తెలుసు. పాత పటంలో ఈ నీళ్ళు మూసే ఉన్నాయి, కొత్తది ఇంకా నెలాఖరుకి కదా అనుకున్నాను. ఈసారి ముందే వచ్చింది. ఏం చెప్పను? బారసాల కాలేదని చెప్పాను.

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. “మా ఇంట్లోనూ నలభై రోజుల దాకా పిల్లని బయటికి తేరు” అన్నాడు. “కాని యంత్రానికి అవేం తెలుస్తాయి మేడమ్. ఇప్పుడు ఫొటో పంపినా తీసుకోదు. మొదటి ఓడ రాకముందే గొంతు వినిపించాలి, తల్లిదైనా పిల్లదైనా. తర్వాతైతే చైత్రంలో వచ్చే పటం దాకా ఆగాలి.”

“మొదటి ఓడ ఎప్పుడు?”

“శివరాత్రి నాడు మధ్యాహ్నం.”

ద్వాదశి

పోలమ్మప్ప నిన్నటి నుంచి ఏమీ తినలేదు. చోడంబలి కలిపి ఇస్తే గిన్నె పక్కన పెట్టేసింది.

“నా మాటిని గదా నివ్వు రాయలేదు. తప్పు నాది.”

“నీ మాట విన్నది నేను కదప్పా. సంతకం నాది.”

“సంతకాలు నాకు తెల్దు. ఆ గుంటకేటైనా అయితే నాను మళ్ళా పడవెక్కను.”

ఇద్దరికీ కోపమే. ఎవరి మీదో తెలియక ఒకరి మీద ఒకరం చూపించుకున్నాం. బిళ్ళ మళ్ళీ కూర్చోమంది. దాన్ని బియ్యం డబ్బాలో పడేద్దామనిపించింది.

మధ్యాహ్నం ఒక దొంగపని చేశాను. పోయిన ఏడాది రికార్డు చేసిన మంగతాయి గొంతుని నీటి మైకు దగ్గర వినిపించాను. లోతైన ఆ మూలుగుకి లైట్‌హౌస్ కిటికీలు కూడా అదిరాయి. కేంద్రం నుంచి వెంటనే జవాబు: ‘ఇది పాత గొంతు. మీ మైకు సరిచూసుకోండి.’ అంత చెవి ఉన్న యంత్రానికి కళ్ళు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

మంగతాయిని అక్కడి నుంచి తరిమేద్దామా అని కూడా అనుకున్నాం. పడవ వేసుకుని వెళ్ళి తెడ్డుతో నీళ్ళ మీద బాదాం. అది పక్కకి ఒరిగి ఒక కన్నుతో మమ్మల్ని చూసింది. పిల్ల దాని పొట్ట కిందకి దూరింది. లోతు తక్కువ, అల తక్కువ, వంశధార నీళ్ళు కలిసి కాస్త వెచ్చన. పిల్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. అది కదలదు. పోలమ్మప్ప తెడ్డు పడవలో పెట్టేసింది. “బాలింతని లేపి తోలీడానికి మనకి చేతులెలాగొచ్చాయి” అంది.

సత్యకిరణ్ రోజూలాగే సందేశం పెట్టాడు. టెక్కలిలో ఉప్పునీళ్ళు మంచినీళ్ళు చేసే ప్లాంటులో పని ఆయనకి. పెళ్ళయి పదేళ్ళయినా సాయంత్రం ‘తిన్నావా’ అని అడగడం మానలేదు. తిన్నానని అబద్ధం చెప్పాను.

చతుర్దశి, శివరాత్రి

జుట్టులోంచి ఇంకా ఉప్పునీళ్ళు పేజీ మీద పడుతున్నాయి. అక్షరాలు అలుక్కుపోతే పోనీ.

ఓడలు పడవని గుద్దవు. మెడలో బిళ్ళ కనిపిస్తే కాస్త ఒరిగి పక్క నుంచి పోతాయి. అందుకని పడవని ఓడకీ మంగతాయికీ మధ్య పెడదాం, ఓడ తప్పుకుంటే అవీ బతుకుతాయి అనుకున్నాం. ఇద్దరం కూర్చుని వేసిన ఎత్తు. గొప్ప ఎత్తే.

మధ్యాహ్నం ఎండలో ఓడ చుక్కలా మొదలై గోడలా పెరిగింది. రేడియోలో దాని గొంతు, పెళ్ళిలో మర్యాదలు చేసే ఆడమనిషి గొంతు. “ముందున్న పడవకి నమస్కారం. మీకు ఎడమగా తప్పుకుంటున్నాను.”

మాకు ఎడమగానే మంగతాయి ఉంది. పిల్ల పాలు తాగుతోంది.

మా పడవ అక్కడ లేకపోతే ఓడ తన గీత మీదే పోయేది, కాస్త దూరంగానైనా పోయేదేమో. మేమే దాన్ని పిల్ల మీదకి పంపాం. పోలమ్మప్ప ఇంజను తిప్పి ఎడమకి లాగింది. “అలాగైతే కుడిగా తప్పుకుంటున్నాను” అంది ఓడ. అంతలో మంగతాయి పిల్లని తోసుకుంటూ కుడికి వచ్చింది. ఓడ ముక్కు దగ్గర లేచే తెల్లటి నురగ కనిపిస్తోంది. దాని కింద తిరిగే రెక్కలు కూడా మనసుకి కనిపిస్తున్నాయి.

నేను దూకాను. ఆలోచించి చేసిన పని కాదు. ఆలోచిస్తే దూకేదాన్ని కాదు, నాకు ఈత అంతంత మాత్రం.

బిళ్ళ తడిసింది. నా మెడలోంచీ, పడవ రేడియోలోంచీ, ఓడ మైకులోంచీ ఒకేసారి అదే గొంతు. “మనిషి నీటిలో ఉన్నారు. హైమావతి గారు నీటిలో ఉన్నారు. ఆగుతున్నాను.” ఓడ లోపల ఏదో అరిచినట్టయింది. నీళ్ళు వెనక్కి తన్నాయి. నేను ఉప్పునీళ్ళు మింగుతూ పైకి చూస్తే తుప్పు పట్టిన ఇనుము ఆకాశం సగం మూసేసి ఉంది. అది దగ్గరకొస్తూ, ఇంకా దగ్గరకొస్తూ, నెమ్మదించి ఆగింది.

“భయపడకండి హైమావతి గారూ. మీ కోసం ఆగాను.”

మంగతాయి మునిగిపోయింది. పిల్లకి అంతసేపు మునగడం రాదు. ఎక్కడా కనిపించలేదు. పోలమ్మప్ప నా జాకెట్టు పట్టుకుని పడవలోకి లాగుతోంది. నేను రావడం లేదు, పిల్ల ఏది పిల్ల ఏది అంటున్నాను. అప్పుడు మా పడవకి అవతల చిన్న ఊపిరి లేచింది. కుళ్ళు చేపల కంపు కొట్టే ఆ తుంపర నా ముఖం మీద పడింది. గట్టిగా ఏడ్చాను. ఓడ మైకులోంచి “క్షేమమేనా” అని మూడుసార్లు అడిగింది. పోలమ్మప్ప దాన్ని తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

తల్లీ పిల్లా ఒడ్డువైపుకి జరిగాక నేను పడవలోకి వచ్చాను. ఓడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

అమావాస్య

కేంద్రం నుంచి హెచ్చరిక. ఈ కార్తెలో నేను మరొకసారి నీళ్ళలో పడితే సముద్రం మీదకి వెళ్ళే అనుమతి రద్దు. నా క్షేమం కోసమేనట. రేపు మధ్యాహ్నం ఇంకో ఓడ. ఎల్లుండి ఇంకోటి.

హెచ్చరికతోపాటు రూలు కూడా పూర్తిగా పంపారు, బుద్ధి రావాలని కాబోలు. చదివాను. ‘బిళ్ళ నీటిలో ఉన్నంత కాలం, అందులో గుండె చప్పుడు వినిపిస్తున్నంత కాలం, ఆ చుట్టుపక్కల ఓడలన్నీ ఆగి, నడక వేగంతో మాత్రమే దాటాలి.’ మళ్ళీ చదివాను. అందులో బిళ్ళ ఉంది, నీరు ఉంది, గుండె ఉంది. నేను ఉండాలని ఎక్కడా లేదు.

పోలమ్మప్పకి చదివి వినిపించాను. ఆవిడకి అర్థమయ్యాక తన మెడలోంచి బిళ్ళ తీసి నా ముందు పెట్టింది.

“నాదెట్టీ.”

“నీ బిళ్ళ లేకపోతే పడవ కదలదప్పా. నీ షుగరు మందు కూడా దాంతోనే కదా.”

“మరి నీ జీతం? నీ మొగుడు?”

“చైత్రం దాకానే కదా. ఆలోపు పిల్ల గొంతు విప్పకపోతుందా.”

ధైర్యంగానే అన్నాను. లోపల అంత ధైర్యం లేదు. బిళ్ళ లేని మనిషి గేటు బయట ఎండలో నిలబడటం చూశాను. ఆస్పత్రి తలుపు తెరుచుకోక అక్కడే కూలబడినవాళ్ళనీ చూశాను. నేను వాళ్ళ పక్క నుంచే నా బిళ్ళ చూపించి లోపలికి వెళ్ళినదాన్ని.

తిమింగలాల మీద పరికరాలు అంటించే జిగురు మా దగ్గర ఉంది, రాళ్ళకి పట్టే గుల్లల నుంచి తీసింది. చర్మం పొర ఊడేదాకా, అంటే రెండు నెలలకి పైగానే పట్టి ఉంటుంది. పొడవాటి వెదురు చివర జిగురు పూసి, అందులో నా బిళ్ళ పెట్టి, పడవ తీశాం. పోలమ్మప్ప ఇంజను ఆపేసి తెడ్డుతోనే దగ్గరికి తీసుకెళ్ళింది. మంగతాయి వీపు నీళ్ళ మీద తేలుతోంది, తడి పలకలా బూడిదరంగు. పిల్ల ఆసక్తిగా పడవ కిందకి వచ్చి అంచుని ముట్టుకుంది. పడవ ఒరిగింది. వెదురు నా చేతిలోంచి జారబోయింది. జారితే నా బిళ్ళ సముద్రం అడుగుకి, రేపు పిల్ల కూడా అడుగుకే.

“బేగి కానీ” అంది పోలమ్మప్ప, పెదవులు కదపకుండా.

రెక్క వెనక, కాస్త కిందగా, గుండె ఉండే చోట ఆనించి నొక్కాను. మంగతాయి ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. కదల్లేదు. చేయి తిమ్మిరెక్కేదాకా నొక్కి పట్టుకుని వెదురు విడిపించాను.

కాసేపటికి పడవ రేడియో పలికింది. “మనిషి నీటిలో ఉన్నారు. హైమావతి గారు నీటిలో ఉన్నారు.”

మెడ తడుముకున్నాను. ఖాళీగా ఉంది.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

మధ్యాహ్నం ఓడ దూరంలోనే ఆగింది. తర్వాత పురిటి గది ముందు నడిచే మనిషిలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా దాటింది. మంగతాయి కనీసం మునగలేదు. నేను బాల్కనీలో చతికిలబడి చూశాను.

కేంద్రం నుంచి రక్షణ పడవ వచ్చింది, అదీ మనుషులు లేనిదే. బిళ్ళ పలుకుతున్న చోట తిరిగింది, తాడు విసిరింది, “పట్టుకోండి హైమావతి గారూ” అని బతిమాలింది. మంగతాయి దాని మీద ఊపిరి వదిలింది. పడవ కెమెరా తడిసి వెనక్కి వెళ్ళిపోయింది. నవ్వాం. చాలా రోజుల తర్వాత పోలమ్మప్ప అంబలి తాగింది.

ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. రేడియోలో రవూఫ్. నేను పలకబోయి చేత్తో నోరు మూసుకున్నాను. పోలమ్మప్ప మైకు అందుకుంది.

“పోలమ్మ గారూ, హైమావతి మేడమ్ అక్కడున్నారా?”

ఆవిడ నన్ను చూసింది. “లేదు బావూ. నీళ్ళలో ఉన్నాది.”

“రెండు రోజుల నుంచా?”

“అవును బావూ.”

అవతల కాగితాల చప్పుడు వినిపించింది. “బిళ్ళలో గుండె చప్పుడు వస్తోంది. కాని నిమిషానికి పది పన్నెండు సార్లే కొట్టుకుంటోంది. మనిషి గుండె అలా కొట్టుకోదని యంత్రం ఆగిపోయింది. బతికున్నట్టా, పోయినట్టా తేల్చి చెప్పమని నన్ను అడుగుతోంది. పోయారని నేను నొక్కితే ఓడలు మామూలు వేగంతో వెళ్ళిపోతాయి. బతికున్నారని తప్పుగా నొక్కితే నా ఉద్యోగం పోతుంది.” మళ్ళీ కాగితాలు తిప్పాడు. “రక్షణ పడవ కెమెరాలో ఒక బొమ్మ వచ్చింది. సగం నీళ్ళే. ఏమిటో సరిగ్గా తెలియడం లేదు. మీరు చూసినవారు. మీరే చెప్పండి. బతికున్నారా?”

నేను పోలమ్మప్ప చేయి పట్టుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం, ఆయన వెనకున్న ఇల్లు, మేం చేసిన తప్పుకి ఆయన ఎందుకు కట్టాలి? మైకు లాక్కుని అంతా చెప్పేద్దామనిపించింది. నిజంగానే చేయి చాపాను.

పోలమ్మప్ప మైకు అటు తిప్పుకుంది. “బతికే ఉన్నాది బావూ” అంది మెల్లగా. “పాలిస్తన్నాది.”

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. రేడియో వదిలేసి వెళ్ళాడనుకున్నాను.

“అయితే” అన్నాడు రవూఫ్, “బతికున్నట్టే రాసుకుంటాను.” మీట నొక్కిన చప్పుడు వినిపించింది. “నలభై రోజులు జాగ్రత్తగా చూసుకోమనండి.”

తదియ

మధ్యాహ్నం చేపలు ఎండబెడుతుంటే కింద పడవ ఆగింది. సత్యకిరణ్. భార్య సముద్రంలో పడిందని, ఇంకా దొరకలేదని కేంద్రం ఆయనకి కబురు పెట్టిందట. కబురు వెళ్తుందన్న సంగతి నాకు తట్టలేదు. రేడియోలో చెప్పే వీల్లేదు సరే, ఎవరి చేతైనా చెప్పి పంపొచ్చు కదా. తిమింగలం కోసం ఇంత బుర్ర వాడినదాన్ని మొగుడి దగ్గరికి వచ్చేసరికి వాడలేదు.

మెట్లెక్కి వచ్చి, చేతిలో సావడాయి చేపతో నిలబడ్డ నన్ను చూశాడు. మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఏడవలేదు, తిట్టలేదు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. మధ్యలో ఒక పీత ఆయన చెప్పు మీదకి ఎక్కింది. చూడనే లేదు.

అంతా విని, “రెండు రోజులు నువ్వు లేవనుకుని బతికాను హైమా” అన్నాడు.

క్షమించమని అడిగాను. లేచి వెళ్ళి పడవలోంచి సంచి తెచ్చాడు. అందులో నా చీర ఒకటి ఉంది. ఒడ్డున ఏమైనా దొరికితే కప్పడానికి తెచ్చాడని అడక్కుండానే తెలిసింది. దాన్ని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

సాయంత్రం తన రేషన్ బియ్యంలో సగం ఇక్కడ దింపేశాడు. చైత్రం దాకా వారం వారం తెస్తానన్నాడు. వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి, “తిన్నావా” అని అడిగాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు.

పంచమి

ఇరవై ఒకటో రోజు.

పోలమ్మప్ప పొద్దున్నే తలంటుకుని, ఇత్తడి పళ్ళెంలో సత్యకిరణ్ తెచ్చిన బియ్యం పోసి, బాల్కనీలో సముద్రం వైపు తిప్పి పెట్టింది. పక్కన బెల్లం ముక్క, కాటుక. ఊయల లేదు. దాని పనేదో అలలే చూసుకుంటున్నాయి. నీటి మైకుని నేను ఎప్పటికంటే లోతుగా దింపాను.

“ఏ పేరెడదామప్పా?”

“ఇంకో పేరెందుకు? ఊరూవాడా ఆ పేరే పిలుస్తంది గదా.” బియ్యంలో వేలితో తనకి వచ్చిన అక్షరాలు రెండు రాసింది. హైమ.

వద్దనబోయాను. అక్షరాలు చెరపడానికి చాచిన వేలు వెనక్కి తీసుకున్నాను.

ఓడ వచ్చే వేళయింది. దూరంగానే ఆగింది. గాలి ఇటే ఉండడంతో దాని మైకు బాల్కనీ దాకా వినిపించింది. “హైమావతి గారూ, భయపడకండి. మీ కోసం ఆగాను. క్షేమమేనా?” నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మన పేరు పెట్టి అంత మర్యాదగా పిలుస్తుంటే పలక్కుండా ఉండడం ఎంత కష్టమో ఇప్పుడే తెలిసింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. పళ్ళు బిగబట్టుకున్నాను.

అప్పుడు చెవిలో ఒక చప్పుడు. మొదట మైకు తాడు రాతికి రాసుకుందనుకున్నాను. మళ్ళీ వచ్చింది. సన్నగా, మధ్యలో విరిగి, చివర పైకి లేస్తూ. ఇన్నేళ్ళుగా వింటున్న ఏ గొంతూ కాదది. దాని వెంటనే, పౌర్ణమి తర్వాత మొదటిసారి, మంగతాయి గొంతు చాలా కిందనుంచి బదులు పలికింది. హెడ్‌ఫోన్ ఒక చెవి తీసి పోలమ్మప్ప చెవికి పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

నా చేయి రికార్డు మీట మీదే ఉంది, రికార్డరు తిరుగుతూనే ఉంది. ఈ గొంతు కేంద్రానికి పంపితే చైత్రంలో వచ్చే పటంలో ఎర్రగీత పక్కకి జరుగుతుంది. అప్పటిదాకా నేను నీళ్ళలోనే ఉంటాను, ఆ తర్వాత మెల్లగా ఒడ్డుకి వస్తాను. రవూఫ్ ఏం రాసుకుంటాడో, నా అనుమతి ఏమవుతుందో అప్పుడు చూసుకుందాం. అయినా అలవాటు ప్రకారం పోలమ్మప్ప వైపు చూశాను.

ఆవిడ పళ్ళెంలో బెల్లం ముక్క విరిచి నా నోట్లో పెట్టింది.

“పేరెట్టీసినాం గదా” అంది. “ఇప్పుడు రాసుకో.”

కేంద్రానికి వెళ్ళే నివేదిక తీసి, పోలమ్మప్ప పేరు మీద రాశాను. పుట్టిన పిల్ల ఒకటి. తల్లి మంగతాయి. పేరు హైమ. పాలు బాగా తాగుతోంది.